పన్నెండడుగుల కన్ను

అచ్చాయమ్మ కట్టిన గులాబీ అంటు ఎండిపోవడమంటూ కడియపులంక నర్సరీల్లో చాలా అరుదు. ముప్పై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. నాటు గులాబీ కాండం మీద చాకుతో సన్నగా గాటు పెట్టి, మేలు రకం కొమ్మ నుంచి చిగురు వచ్చే కన్నుని ఒలిచి, ఆ గాటులోకి జొనిపి, ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి కట్టాలి. తొక్క ఒక్క పిసరు లోతుగా తెగినా ఆ మొక్క పనికిరాదు. కొత్తగా పనిలోకి వచ్చిన ఆడపిల్లలందరినీ యజమానులు ముందు ఆమె పక్కనే కూర్చోబెట్టేవారు.

యాభయ్యో ఏట ఆమె చాకు గురి తప్పడం మొదలైంది. మొదట బొటనవేలు తెగింది. తర్వాత కట్టిన అంట్లలో పదికి మూడు ఎండిపోయాయి. కుడికంటి ముందు మసక.

ఊరి సెంటర్లో ప్రేమ్ కుమార్ కళ్ళజోళ్ళ షాపు ఉంది. అతను డాక్టరు కాదు. కాకినాడలో ఓ కంటి డాక్టరు దగ్గర నాలుగేళ్ళు సహాయకుడిగా పనిచేసి వచ్చి, షాపు పెట్టుకుని, బోర్డు మీద ‘కంటి పరీక్షలు చేయబడును’ అని రాయించుకున్నాడు. ఊళ్ళో అందరికీ అతను కళ్ళ డాక్టరు గారే. మనిషి మర్యాదస్థుడు. అచ్చాయమ్మది పక్క వీధే కాబట్టి చుట్టరికం లేకపోయినా పిన్నిగారూ అని పిలిచేవాడు.

“శుక్లం పిన్నిగారూ. ఇంకా ముదరలేదు. ముదిరాక ఆపరేషన్ చేయిద్దాం. అందాకా ఈ చుక్కలు వేసుకోండి,” అన్నాడు టార్చి లైటు వేసి చూసి.

“నాకు షుగరుంది బాబూ. దానివల్ల కాదు కదా?”

“షుగరు ఒంట్లో ఉంటుంది గానీ కంట్లో ఎందుకుంటుందండీ,” అని నవ్వాడు.

ఆ మరుసటి నెల అతని షాపు ముందు రాజమండ్రి కంటి ఆసుపత్రి వాళ్ళు క్యాంపు పెట్టారు. వ్యానులో ఓ మిషను తెచ్చారు. గడ్డం ఆనించి లోపలి చుక్కని చూస్తూ ఉంటే ఒక్కసారి ఫ్లాష్ మెరిసి కంటి లోపలిది ఫోటో తీస్తుంది. నర్సరీ పనివాళ్ళు నలభై మంది దాకా వరసలో నిలబడి తీయించుకున్నారు. వారం తర్వాత అచ్చాయమ్మ షాపుకెళ్ళి ఏం వచ్చిందని అడిగింది.

“ఫోటో బాగానే వచ్చింది పిన్నిగారూ. కంగారేం లేదు,” అన్నాడు ప్రేమ్ కుమార్.

ఆ మాట నమ్మి ఆమె ఇరవై నెలలు చుక్కలు వేసుకుంది.

వేసవిలో ఓ రోజు నారుమడి దగ్గర వంగి ఉండగా కుడికంటిలో నల్లటి మసి తాళ్ళు తాళ్ళుగా కిందికి జారడం కనిపించింది. కళ్ళు నులుముకుంది. పోలేదు. మధ్యాహ్నానికి ఆ కంటికి ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడలేదు. ప్రేమ్ కుమార్ టార్చి వేసి చూసి, ఈసారి నవ్వకుండా, “రాజమండ్రి వెళ్ళిపోండి,” అన్నాడు. ఆమె భర్త వెంకన్న నర్సరీ లారీలకి మొక్కలు ఎక్కించే పనిలో ఉన్నవాడు ఉన్నపళంగా బయలుదేరి, ఆమెని ఆటోలో తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో ఫోటోలు తీసే అమ్మాయి పేరు సారిక. అచ్చాయమ్మ ఆధార్ నంబరు కంప్యూటర్లో కొట్టి, ఆ అమ్మాయి ఆగిపోయింది.

“ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారా అమ్మా?”

“లేదు తల్లీ. ఇదే రావడం.”

సారిక ఆమెని మిషను ముందు కూర్చోబెట్టింది. “ఇది కొత్త రకం మిషనండి. రంగు మందు ఎక్కించక్కర్లేదు. కంటి లోపలి సన్న నరాల్లో రక్తం ఎక్కడ పారుతోందో, ఎక్కడ ఆగిపోయిందో తీస్తుంది. ఆకుపచ్చ గుర్తు చూస్తూ ఉండండి. రెప్ప వెయ్యకండి.”

కుడికంటికి ఆకుపచ్చ గుర్తే కనపడలేదు. ఆ కంటి బొమ్మ తెర మీద ఉత్త బూడిద మరకలా వచ్చింది. లోపలంతా రక్తం నిండిపోయిందని చెప్పింది సారిక. ఎడమకన్ను బొమ్మ మాత్రం స్పష్టంగా వచ్చింది. నల్లటి నేల మీద తెల్లటి సన్నని వలలాగా ఉంది. ఆ వల అక్కడక్కడ చిరిగి ఉంది.

“ఈ నల్లగా ఉన్న చోట్ల నరాలు చచ్చిపోయాయండి. ఇదుగో, ఈ చివర చిక్కుపడినట్టు ఉన్నవి కొత్తగా పుట్టిన పిచ్చి నరాలు. ఇలాంటివే చిట్లి కుడికన్ను పోగొట్టాయి. ఇటు ఇంకా చిట్లలేదు. ఇవాళే లేజర్ చేస్తారు.”

డాక్టరుగారు చూసి అదే మాట చెప్పారు. కుడికంటికి ఆపరేషన్ చేస్తే వెలుతురు తెలియొచ్చు గానీ పని చేసుకునే చూపు రాదన్నారు. అచ్చాయమ్మ ఒక్కటే అడిగింది.

“ముందే వస్తే దక్కేదా బాబూ?”

ఆయన కంప్యూటర్ వైపు చూసి, “దక్కేదమ్మా,” అన్నారు. “మేము రమ్మన్నాం కూడా.”

అప్పుడు సారిక తెర మీద పాత ఫోటో పెట్టింది. క్యాంపు రోజు తీసిన కుడికన్ను. పండిన బత్తాయి రంగులో గుండ్రంగా ఉంది. దాని మీద ఎర్రటి చుక్కలు, ఓ అంచున దారప్పోగులాంటి నరం. కింద ‘నెలలోపు తప్పక తీసుకురావాలి’ అని ఉంది. మూడుసార్లు ఫోన్ చేసినట్టూ, ‘పేషెంటుకి చెప్పాం, వస్తామన్నారు’ అని జవాబు వచ్చినట్టూ తేదీలతో సహా రాసి ఉంది.

“ఎవరికి ఫోన్ చేశారమ్మా? మాకెవరూ చెయ్యలేదే,” అన్నాడు వెంకన్న.

క్యాంపులో ఆమె పేరు పక్కన రాసుకున్న నంబరుని సారిక చదివింది. వెంకన్న దాన్ని తన ఫోన్లో ఒక్కొక్క అంకే నొక్కాడు. పది అంకెలూ పూర్తయ్యేసరికి తెర మీద ‘కళ్ళ డాక్టర్’ అని వచ్చింది.

లేజర్ గదిలోకి వెళ్ళేముందు అచ్చాయమ్మ ఆ అమ్మాయిని పట్టుకుంది. “ఆ రెండు ఫోటోలూ నాకు కావాలి. పాతదీ, కొత్తదీ.”

“అర్జీ రాసివ్వాలండి. మీ కన్ను, మీ ఫోటో. మీరడిగితే కాదనడానికి లేదు.”

అచ్చాయమ్మ సంతకం పెట్టింది. నాలుగక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

తిరుగు ఆటోలో వెంకన్న మెల్లగా అన్నాడు. “ఊళ్ళోవాడు. మన పెద్దమ్మాయి పెళ్ళిలో పందిట్లో రెండ్రోజులు నిలబడి పని చేశాడు. తెలియక చేశాడేమో.”

“మూడుసార్లు ఫోనొస్తే తెలియదా?”

“పోయిన కన్ను తిరిగి రాదు కదే.”

“రాదు. అందుకే వదలను,” అంది అచ్చాయమ్మ.

అయినా మూడో రోజున ఆమె ముందు షాపుకే వెళ్ళింది. అతనే తన నోటితో నిజం చెబుతాడేమో చూడాలనుకుంది. షాపు పక్కనే అతను కొత్త షోరూమ్ కట్టించాడు. అద్దాల తలుపులు, ఏసీ. గుమ్మానికి బంతిపూల తోరణం కోసం కొలతలు తీయిస్తున్నాడు. ఆమె నల్లకళ్ళద్దాలు చూసి ఎదురొచ్చాడు.

“ఎలా ఉంది పిన్నిగారూ?”

“పోయింది బాబూ. అప్పుడు క్యాంపులో ఫోటో తీశారు కదా. దాంట్లో ఏం వచ్చిందన్నావు?”

అతను ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పాడు. “బాగానే ఉందన్నారండి. షుగరు జబ్బు అలాంటిది పిన్నిగారూ. ఇవాళ బాగుంటుంది, రేపు ముంచుతుంది. మనం ఏం చెయ్యగలం?” తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, “గురువారం ఓపెనింగండి. మీరూ బాబాయిగారూ తప్పకుండా రావాలి,” అన్నాడు.

“వస్తాను బాబూ,” అంది అచ్చాయమ్మ.

అక్కడి నుంచి నేరుగా మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీలు వేసే గణేష్‌బాబు దగ్గరికి వెళ్ళింది.

“రండమ్మా. పుట్టినరోజా అండి, ఓణీల ఫంక్షనా అండి?”

ఆమె సంచిలోంచి రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టింది. గణేష్‌బాబు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏ గ్రహాలండీ ఇవి?”

“నా కన్ను. రెండూ ఒకే కన్ను. పక్కపక్కన వెయ్యి. ఎంత పెద్దది వస్తుందో అంత పెద్దది.”

“పన్నెండడుగులు వస్తుందండి.”

ఆమె ఇంటి దగ్గర చాలా తిట్లు అనుకుని వచ్చింది. కానీ చెప్పేటప్పుడు అవేవీ నోటికి రాలేదు. ఒక్కొక్క మాటే ఆగి ఆగి చెప్పింది. గణేష్‌బాబు టైపు చేస్తూ చేస్తూ మధ్యలో చెయ్యి తీసేశాడు.

“ఇది ప్రేమ్ కుమార్ గారి సంగతి కదండీ? రేపు నా షాపు మీదకి వస్తారు.”

“పేరు వెయ్యొద్దు. ఆయనన్న మాట వెయ్యి చాలు. ఆ గొంతు ఊళ్ళో అందరికీ తెలుసు.”

గురువారం తెల్లవారగానే, పక్కింటి ఏసమ్మ సాయం పట్టగా, కొత్త షోరూముకి సరిగ్గా ఎదురుగా కాలవగట్టు మీద రెండు వెదురు బొంగులు పాతి, ఫ్లెక్సీ కట్టేసింది అచ్చాయమ్మ. ఏసమ్మ కూడా నర్సరీలో కూలికి వెళ్ళే మనిషే. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మొక్కలు. బొంగు పట్టుకున్నంతసేపూ, “గొడవవుతుందేమో వదినా,” అంటూనే ఉంది.

ఎనిమిదింటికి సన్నాయి మొదలైంది. రిబ్బను కత్తిరించడానికి పెద్దమనుషులు వచ్చారు. వచ్చిన వాళ్ళంతా కారు దిగి షోరూము వైపు చూడబోయి వెనక్కి తిరిగి చూశారు. కాలవగట్టు మీద మనిషి ఎత్తుని మించి రెండు గుండ్రటి బొమ్మలు. ఒకటి బత్తాయి రంగు, దాని మీద రక్తపు చుక్కలు. రెండోది కాలిన పెనంలా ఉంది. సన్నాయి వాయించే అతను వాయిద్యం దింపి, కింద రాసింది పైకి చదివాడు.

‘ఇది నా కుడికన్ను. క్యాంపు రోజు తీసింది. అప్పటికి దీంతో గులాబీకి అంటు కట్టేదాన్ని. నెలలోపు రమ్మని ఆసుపత్రి వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేస్తే, ఫోన్ ఎత్తినాయన నాతో అన్నమాట: ఫోటో బాగానే వచ్చింది పిన్నిగారూ, కంగారేం లేదు. ఇదీ నా కుడికన్నే. ఇప్పుడు తీసింది. దీంతో ఏమీ కనపడదు. ఇట్లు, అచ్చాయమ్మ.’

ఎవరో ముందు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఫ్లెక్సీ పక్కన అచ్చాయమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, నల్లకళ్ళద్దాలు తీసేసి నిలబడి ఉంది.

ప్రేమ్ కుమార్ పట్టుపంచెతో రోడ్డు దాటి వచ్చాడు. ముఖం పాలిపోయింది. “ఏంటండీ ఇది పిన్నిగారూ? లోపలికి రండి, మాట్లాడుకుందాం.”

“ఇక్కడే మాట్లాడు. అటు కాదు, ఇటు వచ్చి నిలబడు. నాకు ఈ పక్కే కనపడుతుంది.”

అతను ఎడమవైపుకి వచ్చి నిలబడ్డాడు. అలా వందమంది ముందు అతన్ని అటు నుంచి ఇటు జరిపినందుకు ఆమెకి కాస్త కసి తీరినట్టయింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. అడిగిన వాళ్ళందరికీ వేలితో చూపించి చెప్పింది. ఏ చుక్క ఏమిటో, ఏ నరం ఎప్పుడు చిట్లిందో. మరుసటి రోజూ నిలబడింది. షోరూములోకి ఒక్కరూ అడుగు పెట్టలేదు.

రెండో రోజు సాయంత్రం ఏసమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

“నేనూ ఆ రోజు ఫోటో తీయించుకున్నాను వదినా. నాకూ బాగానే వచ్చిందన్నాడు.”

అచ్చాయమ్మ గ్లాసు కింద పెట్టేసింది. అంతవరకూ ఆమె తన కన్ను గురించి తప్ప ఇంకొకటి ఆలోచించలేదు.

మూడో రోజు పొద్దున్న ప్రేమ్ కుమార్ వెంకన్నని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. కిందే నిలబడ్డాడు.

“తప్పయిపోయింది పిన్నిగారూ. భయపడ్డానండి. ఇన్నాళ్ళూ శుక్లం అని చెప్పి, ఇప్పుడు కాదంటే నా దగ్గరికి ఎవరొస్తారని భయపడ్డాను. ఆ బొమ్మ దింపెయ్యండి. మా పిల్లలు బడికి వెళ్ళలేకపోతున్నారు.”

“నాతోపాటు ఎంతమందిని రమ్మన్నారు ఆసుపత్రి వాళ్ళు?”

అతను తల దించుకున్నాడు. “పదకొండు మందిని.”

“వాళ్ళు పంపిన పేర్ల కాగితం ఉందా?”

“సొరుగులో ఉందండి.”

“తీసుకొచ్చివ్వు. ఫ్లెక్సీ దింపేస్తాను.”

“ఒట్టేనా పిన్నిగారూ?”

“ఒట్టు,” అంది అచ్చాయమ్మ.

అరగంటలో తెచ్చిచ్చాడు. నాలుగు మడతల కాగితం. ఆమె గుమ్మం వెలుతురులో ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. రెండో పేరు తనది. ఏడో పేరు ఏసమ్మది. చదివి, మడిచి, రొంటిన దోపుకుంది.

“ఇంక వెళ్ళు.”

“మరి బొమ్మ?”

“వెళ్ళమన్నాను.”

ఫ్లెక్సీ దింపలేదు. సాయంత్రం వెంకన్న కాలవగట్టు దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె మీద గొంతెత్తని మనిషి గట్టిగా అరిచాడు. “నా ముందు ఒట్టేశావు. నన్ను సాక్షిగా నిలబెట్టి అబద్ధమాడావు!”

“ఆడాను. కాగితం ఊరికే ఇచ్చేవాడా? ఇంకా పదిమంది కళ్ళు సొరుగులో పెట్టుకుని పట్టుపంచె కట్టుకున్నాడు.”

“దానికీ దీనికీ సంబంధమేంటి? మాటిచ్చావు.”

“నాకూ ఓ మాట ఇచ్చాడు. కంగారేం లేదన్నాడు.”

ఆ రోజు నుంచి వెంకన్న వీధరుగు మీదే తిని అక్కడే పడుకున్నాడు. ఆమెతో మాట్లాడటం మానేశాడు.

అచ్చాయమ్మ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పదిమందిలో ఒకాయన చనిపోయాడు. ఇద్దరు పనులకి వేరే ఊళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళకి ఫోన్లు చేయించింది. పాపాయి అనే ముసలామెకి అప్పటికే రెండు కళ్ళూ పోయాయి. ఆమె కోడలు, “వయసు వల్లనుకున్నామండి,” అంది. ఆ మాట విని అచ్చాయమ్మ ముసలామె పక్కన కాసేపు కూర్చుంది. మిగిలిన ఆరుగురినీ ఒకే వ్యానులో రాజమండ్రి తీసుకెళ్ళింది.

సారిక ఒక్కొక్కరినీ మిషను ముందు కూర్చోబెట్టింది. ఏసమ్మ బొమ్మ వచ్చినప్పుడు అచ్చాయమ్మ తెర దగ్గరికి వెళ్ళి తానే వేలు పెట్టి చూపించింది. “ఇదుగో, ఈ చిక్కు. నాదీ ఇలాగే మొదలైంది.”

“అవునండి. ఇంకా చిట్లలేదు. సమయానికి వచ్చారు,” అంది సారిక.

ఆరుగురిలో నలుగురికి ఆ వారమే లేజర్ చేశారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితాలూ, సొరుగులోంచి వచ్చిన కాగితమూ పట్టుకుని అచ్చాయమ్మ పోలీసు స్టేషనుకీ, ఆరోగ్య శాఖ ఆఫీసుకీ వెళ్ళింది. పది రోజుల్లో అధికారులు వచ్చి పాత షాపుకీ కొత్త షోరూముకీ సీలు వేశారు. వేస్తున్నంతసేపూ ఆమె ఎదురుగా నిలబడి చూసింది. లక్క కరిగి తాళం మీద పడుతుంటే ప్రేమ్ కుమార్ భార్య బయట మెట్ల మీద ఏడ్వడం వినిపించింది. అప్పుడు కూడా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. సీలు వేసిన మనుషులు వెళ్ళిపోయాక, తన చేత్తోనే ఫ్లెక్సీ తాళ్ళు కోసి దింపింది.

లేజర్ అయిన నెలకి ఏసమ్మ ఆమె ఇంటికి చేపల పులుసు తెచ్చింది. గిన్నె దించి, కాసేపు కూర్చుని, మనసులో మాట చెప్పింది.

“నా కన్ను నువ్వే నిలబెట్టావు వదినా. కానీ ఒట్టేసి తప్పడం నాకు నచ్చలేదు. ప్రార్థనలో నీ గురించీ అడుగుతున్నాను, అతని గురించీ అడుగుతున్నాను.”

“నా గురించి అడుగు. అతని గురించి అడక్కు,” అంది అచ్చాయమ్మ.

ఊళ్ళో కొందరు ఆమెని మెచ్చుకున్నారు. కొందరు దగ్గరి చూపు అద్దాలు విరిగితే కడియం దాకా పోవాల్సి వస్తోందని విసుక్కున్నారు. ఆమె మళ్ళీ అంటు కట్టడానికి కూర్చుంది. ఒంటికన్నుతో కాండం దగ్గరుందో దూరముందో తెలియలేదు. చాకు గాల్లోనే దిగింది, లేకపోతే వేలి మీద దిగింది. వారం ప్రయత్నించి మానేసింది. యజమాని ఆమెని సంచుల్లో మట్టి నింపే పనిలో పెట్టాడు. తన దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు నీడలో కూర్చుని అంట్లు కడుతుంటే, ఎండలో పార పట్టుకున్న ప్రతిసారీ ప్రేమ్ కుమార్ మీద ఆమెకి కొత్తగా కోపం వచ్చేది.

కేసు ఇంకా నడుస్తోంది. అరెస్టయి బెయిలు మీద బయటికొచ్చిన ప్రేమ్ కుమార్ భార్యాపిల్లల్ని అత్తవారింట్లో దింపేశాడు. కార్తీక మాసంలో ఓ రోజు వెంకన్న, అన్ని నెలల తర్వాత, ఆమె పని చేసే చోటికి వచ్చి నోరు విప్పాడు.

“అతను వచ్చాడు. ఒకసారి నీతో మాట్లాడాలంటున్నాడు.”

“రమ్మను.”

ప్రేమ్ కుమార్ మొక్కల వరసల మధ్య నుంచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఈసారి చెప్పకుండానే ఆమె ఎడమవైపుకి వచ్చి నిలబడ్డాడు. క్షమించమని అడుగుతాడని ఆమెకి తెలుసు. అతను నోరు తెరవకముందే తాను అడగాల్సింది అడిగింది.

“ఆ కాగితం సొరుగులో పెట్టేటప్పుడు దాంట్లో నా పేరు చదివావా?”

లారీ వాడు ఎక్కడో హారన్ కొట్టాడు.

“చదివానండి. మీ పేరు చదివాను. అంటు కట్టే చెయ్యి కదా అని కూడా అనుకున్నాను.”

ఆ జవాబు కోసం ఆమె ఆరు నెలలు ఎదురుచూసింది. అది వింటే లోపల మండుతున్నది చల్లారుతుందనుకుంది. చల్లారలేదు. చేతిలో పార బరువుగా ఉంది. ఆ పారతో ఏం చెయ్యాలనిపించిందో ఆమెకే తెలుసు. వెంకన్నకి కూడా తెలిసినట్టుంది, ఒక్క అడుగు ముందుకు వేశాడు.

“వెళ్ళు,” అంది. “కోర్టులో కూడా ఇలాగే చెప్పు. ఒక్క మాట తగ్గించకు.”

“చెబుతానండి.”

“పిన్నిగారూ అనకు ఇంక.”

అతను తలాడించి వెళ్ళిపోయాడు. వెంకన్న కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత తలపాగా విప్పి గట్టు మీద పెట్టి, ఖాళీ సంచి మూతి తెరిచి ఆమె ముందు పట్టుకున్నాడు. అచ్చాయమ్మ పారతో మట్టి ఎత్తి అందులో పోసింది. కొంత బయటే పడింది. అతను సంచిని కొంచెం ఆమె ఎడమవైపుకి జరిపి పట్టుకున్నాడు.

సాయంత్రం లారీకి ఇంకా రెండు వందల సంచులు నింపాలి.